ఆరు దినాల సృష్టిపై పిల్లల పుస్తకాల సెట్: ముద్రణ బాగుంది, విషయమే నిలవదు

డెల్టా ఊళ్లలో సువార్త కూటాల దగ్గర పెట్టే పుస్తకాల స్టాళ్లలో ఈమధ్య కనిపిస్తున్న ఈ సెట్‌లో రంగుల బొమ్మల పుస్తకం, గోడకు తగిలించుకునే కాలపట్టిక, వీడియో పాఠాలున్న పెన్‌డ్రైవ్ ఉంటాయి. మా సండే స్కూల్ పెద్ద తరగతి కోసం 350 రూపాయలు పెట్టి కొన్నాను. కాగితం దళసరిగా ఉంది, కుట్టు గట్టిగా ఉంది, తెలుగు చదివించేలా ఉంది. నోవహు ఓడలోని అంతస్తులను చూపే మడత బొమ్మను పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని మరీ చూశారు.

కాలపట్టిక క్రీ.పూ. 4004తో మొదలవుతుంది. ఆ సంవత్సరం ఆదికాండములో ఎక్కడా లేదు. ఐర్లండుకు చెందిన ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో వంశావళులను కూడి తేల్చిన లెక్క అది. పట్టిక ఆ సంగతి చెప్పకుండా, సంవత్సరం కూడా వాక్యంలో భాగమే అన్నట్టు ముద్రించింది. సూర్యుడు నాలుగో దినాన కలిగితే మొదటి మూడు దినాలు ఎలాంటివని ఐదో శతాబ్దంలోనే సంఘ పితరుడు అగస్టీను ఆలోచించి, అవి మనకు తెలిసిన మామూలు దినాలు కావని రాశాడు. పరిణామ సిద్ధాంతం కేవలం ఊహ అనే స్థాయిని దాటిందని 1996లో పోప్ రెండవ జాన్ పాల్ అన్నారు. ఇదంతా సంఘ చరిత్రలోనిదే అయినా, ఆరు దినాలను అక్షరాలా నమ్మని వారంతా దేవుణ్ణి కాదన్నవారేనని ఈ పుస్తకం పిల్లలకు నేర్పుతోంది.

అన్నిటికన్నా బలహీనమైనది జలప్రళయం అధ్యాయం. భూమిలోని రాతి పొరలూ శిలాజాలూ దాదాపుగా అన్నీ ఆ ఒక్క ఏడాదిలో ఏర్పడినవేనని అందులో రాశారు. ఈ మాట రాసినవారు రాజమండ్రి దగ్గరి కాతేరు క్వారీలను గాని, ఆవలి గట్టున పంగిడి క్వారీలను గాని చూసినట్టు లేదు. అక్కడ కింద ఒక లావా పొర, పైన మరొకటి, ఆ రెంటి మధ్య ఆల్చిప్పలూ గవ్వలూ శిలాజాలై ఉన్న సున్నపురాతి పొర ఉంటాయి. కింది లావా చల్లారి, ఆ చోట నీరు చేరి, ఆల్చిప్పలు పుట్టి పెరిగి తరతరాలుగా పేరుకున్నాక గాని పై లావా వచ్చి ఉండదు. ఒక్క ఏడాదిలో ముగిసిపోయిన ప్రళయంలో, సలసల కాగే రెండు లావాల నడుమ ఆల్చిప్పలు కాపురం పెట్టడానికి వ్యవధి ఎక్కడిది? రాతిలో పేరుకున్న ఆర్గాన్ వాయువును కొలిచి లెక్కగట్టిన ఆ లావా వయసు సుమారు 6.5 కోట్ల ఏళ్లు. అది పడమటి కనుమల వైపు నుంచి పారివచ్చిందని చాలామంది భూవిజ్ఞానుల అభిప్రాయం. ఓఎన్‌జీసీ గ్యాసు కోసం తవ్విన బావుల్లో రాజోలు ప్రాంతపు నేల అడుగున అదే లావా తగిలితే ఆ పొరకు రాజోలు పేరే పెట్టారు. దాని పైనున్న పొరల్లో ఒకదానికి పాలకొల్లు పేరు, ఇంకొకదానికి నరసాపురం పేరు ఉన్నాయి. మన ఊళ్ల పేర్లతోనే ఉన్న ఈ సాక్ష్యాన్ని మన పిల్లల కోసం వేసిన పుస్తకం ఒక్క వాక్యంలోనైనా ప్రస్తావించకపోవడం నాకు మింగుడుపడలేదు.

నదుల డెల్టాలు కొన్ని వేల ఏళ్లవే కాబట్టి భూమి వయసూ అంతేనన్న వాదన మరో పేజీలో ఉంది. ఇందులో మొదటి సగం నిజమే. మంచుయుగం ముగిసి సముద్రమట్టం ఇప్పటి స్థాయికి చేరాక, సుమారు ఆరేడు వేల ఏళ్లలో పేరుకున్న ఒండ్రు మీదనే మనం వరి పండిస్తున్నాం. అయితే ఆ ఒండ్రు కింద కిలోమీటర్ల మందాన పాత పొరలున్నాయి. పై చాప వయసు చెప్పి ఇంటి వయసు అదేనంటే పిల్లలైనా ఒప్పుకోరు.

చేపకూ నేల జంతువుకూ నడిమి రూపం దొరకనే లేదన్న మాట కూడా పాతబడింది. అలాంటిది 37 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో ఉండాలని ముందే అంచనా వేసుకుని వెదికిన శాస్త్రవేత్తలకు కెనడా ఉత్తరపు మంచుదీవిలో టిక్టాలిక్ అనే శిలాజం దొరికింది. ఆ వివరాలు 2006లోనే ప్రచురితమయ్యాయి.

వీడియోల గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. వాటిలో పరిణామాన్ని సమర్థించే శాస్త్రవేత్త పాత్ర కళ్లజోడు సర్దుకుంటూ నీళ్లు నములుతుందే గాని ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పదు. ఎదుటివారి వాదన ఏమిటో తెలియకుండా పెరిగిన పిల్లవాడు, రేపు ఇంటర్ బైపీసీలో చేరి దాన్ని మొదటిసారి వింటే, వాడు అనుమానించేది ఈ పెన్‌డ్రైవ్‌ను మాత్రమే కాదు, దాన్ని చేతికిచ్చిన మమ్మల్ని కూడా.

చిన్న తరగతుల్లో ఓడ కథ చెప్పుకోవడానికి పుస్తకం కొనవచ్చు గాని విడిగా అమ్మరు, సెట్ మొత్తం తీసుకోవాల్సిందే. హైస్కూలు పిల్లలకైతే వద్దు. ఐదుకు రెండు నక్షత్రాలు ఇస్తున్నాను, అవీ బొమ్మలు వేసినవారికే.