పీసీవీ వాల్వు మార్చాలా, క్యాచ్ క్యాన్ బిగించాలా?

కారు ఇంజన్‌లో పిస్టన్ రింగుల సందుల్లోంచి క్రాంక్‌కేసులోకి (ఇంజన్ అడుగున క్రాంక్‌షాఫ్ట్ తిరిగే గదిలోకి) జారే వాయువుల్లో కాలని ఇంధనం, నీటి ఆవిరి, ఆయిల్ తుంపర కలిసి ఉంటాయి. వాటిని తిరిగి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు, అంటే సిలిండర్లకు గాలి అందించే గొట్టాలకు, పంపేది పీసీవీ వాల్వు. ఆ దారిలో ఆయిల్‌ను ఆపే డబ్బా క్యాచ్ క్యాన్.

ఖర్చు: వాల్వు చవక. క్యాన్‌కు లోపల అడ్డుపలకలు, వేడిని, ఆయిల్‌ను తట్టుకునే గొట్టాలు కావాలి కాబట్టి ఖర్చు ఎక్కువ.

శ్రమ: వాల్వు మారిస్తే చాలాకాలం చూడనక్కరలేదు. క్యాన్‌ను గుర్తుపెట్టుకుని ఖాళీ చేస్తూ ఉండాలి.

ముప్పు: క్యాన్ గొట్టం మెలిపడితే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు కారతాయి. గొట్టాన్ని బయటి గాలికి వదలడం మాత్రం ఎవరూ చేయకూడదు. భారత్ స్టేజ్ అనే వాహన కాలుష్య నిబంధనల ప్రకారం పెట్రోలు ఇంజన్ క్రాంక్‌కేసు వాయువులు బయటికి రాకూడదు.

మన ఎండల సంగతి వేరుగా చెప్పాలి. చలి ప్రాంతాల్లో క్యాన్‌లో నీరు, ఆయిల్ కలిసి వెన్నలా పేరుకుంటాయి. మే నెలలో కర్నూలు, అనంతపురం రోడ్ల మీద ఆ బెడద తక్కువే గాని, క్యాన్‌ను ఎగ్జాస్ట్ పక్కన బిగిస్తే ఆవిరి చల్లబడక ఆయిల్ దాన్ని దాటిపోతుంది. గ్రిల్ వెనుక గాలి తగిలే చోటే సరైనది.

డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వులను కడగదు, ఆయిల్ తుంపర వల్ల వాటి మీద మసి పేరుకుంటుంది. వారంటీ దాటిన అలాంటి కారుకు క్యాన్ మేలు. పెట్రోలును ఇన్‌టేక్ వాల్వుల ముందే చిమ్మే పోర్ట్ ఇంజెక్షన్ ఉన్న కారుకు కొత్త వాల్వు చాలు. వాల్వు మార్చాక కూడా ఆయిల్ మూత తీయగానే పొగ తన్నుకొస్తుంటే, రింగులు అరిగాయేమో తెలియడానికి ముందు కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించాలి.