పది రూపాయల అర్జీ: మా మున్సిపల్ ఆఫీసుకు నేనిచ్చే మార్కులు

మాది అనంతపురం జిల్లాలో ఒక మున్సిపాలిటీ. ఏ ఊరో చెప్పను, రేపు మళ్లీ ఆ గుమ్మమే ఎక్కాలి. ఆఫీసు ఎదురుగానే నా జిరాక్స్ షాపు. సమాచార హక్కు అర్జీలు నా మెషీన్ మీదుగా ఎన్ని పోయాయో లెక్కలేదు. వాటిలో సగం అర్జీలు కావు, తిట్లు. ‘మా వీధి కాలువ ఎందుకు ఇట్లా కట్టారు? బాధ్యులు ఎవరు? సిగ్గు లేదా?’ అని రెండు పేజీలు రాస్తారు. నెల తర్వాత ‘మీరు అడిగినది సమాచారం కిందికి రాదు’ అని ఒక్క వాక్యం జవాబొస్తుంది. దాన్ని కూడా నా దగ్గరే జిరాక్స్ తీయిస్తారు.

కాబట్టి నేను ప్రశ్నలు అడగలేదు, కాగితాలు అడిగాను. విషయం మా ఇంటి దగ్గర కొత్తగా కట్టిన సిమెంటు కాలువ. వానకే కరువున్న జిల్లా మాది, పడిన ఆ నాలుగు చినుకులూ వీధి మలుపులో ఆగి మా గడప ఎక్కుతాయి. అర్జీలో రాసింది ఇంతే: ఫలానా వీధి కాలువ పనికి ఎస్టిమేట్, కాంట్రాక్టరుతో అగ్రిమెంటు, ఎం బుక్ పేజీలు, చెల్లించిన బిల్లులు, వీటి ధృవీకరించిన నకళ్లు. ఎం బుక్ అంటే కొలతల పుస్తకం. కాంట్రాక్టరు ఎంత పొడవు, ఎంత లోతు కట్టాడో ఇంజనీరు కొలిచి అందులో రాస్తేనే బిల్లు పాసవుతుంది. కాలువల గొడవల్లో అన్నిటికన్నా పనికొచ్చే పుస్తకం అదే, జనం అడగనిది కూడా అదే.

ఇక ఆఫీసు సంగతి. సమాచార అధికారి పేరు గోడ మీద బోర్డులో ఉండాలి, ఉంది కూడా. కాకపోతే ఆ పేరున్నాయన ఎప్పుడో బదిలీ అయిపోయాడు. అందుకే పేరు జోలికి పోకుండా ‘ప్రజా సమాచార అధికారి గారికి’ అని రాయడమే మేలు. తెల్ల కాగితం చాలు, తెలుగులో రాయొచ్చు. ఫీజు పది రూపాయలు. మండల స్థాయి ఆఫీసుల్లో అయిదే, గ్రామ స్థాయిలో అసలు లేదు. తెల్ల కార్డున్నవాళ్లకు ఎక్కడా లేదు, కార్డు నకలు జత చేస్తే సరి. నగదు కడితే రసీదు, అర్జీ రెండో ప్రతి మీద తేదీతో ఇన్‌వర్డ్ ముద్ర (అర్జీ అందిందని వేసేది), ఈ రెండూ చేతికి రాకుండా కౌంటర్ వదలొద్దు. గడువుకు లెక్క మొదలయ్యేది ఆ ముద్ర నుంచే.

కౌంటర్‌లో సార్ అర్జీ చూసి, “ఇవన్నీ నీకెందుకమ్మా?” అన్నాడు. కారణం చెప్పాల్సిన పని లేదని చట్టంలో 6(2) సెక్షన్ ఉంది సార్ అన్నాను. ఆయనకు కోపం రాలేదు, నవ్వి ముద్ర వేశాడు. ఈ విషయంలో ఆ కౌంటర్‌కు మంచి మార్కులే వేస్తాను.

జవాబు ముప్పై రోజుల్లో ఇవ్వాలి. గడువు ముగియబోతుండగా ‘నకళ్లకు పేజీకి రెండు రూపాయల చొప్పున కట్టండి’ అని ఉత్తరం వచ్చింది. (మా షాపులోనూ అదే రేటు. ప్రభుత్వంతో పోటీ పడుతున్నందుకు నాకు కాస్త గర్వం.) ఆ ఉత్తరం వాళ్లు పంపిన రోజు నుంచి మనం డబ్బు కట్టే దాకా పట్టే రోజులు గడువు లెక్కలోకి రావు. కట్టడం ఆలస్యం చేస్తే నష్టం మనకే. గడువు దాటాక ఇస్తే మాత్రం నకళ్లు ఉచితంగానే ఇవ్వాలి.

ఎస్టిమేట్, అగ్రిమెంటు, బిల్లులు వచ్చాయి. ఎం బుక్ రాలేదు. ‘అది ఇంజనీరింగ్ విభాగంలో ఉన్నది’ అని రాశారు. ఆ విభాగం అదే మేడ మీద, పై అంతస్తులో! వేరే శాఖ దగ్గరుంటే అయిదు రోజుల్లో అర్జీని అక్కడికి పంపాలి, సొంత ఆఫీసులోనే ఉంటే తెప్పించి ఇవ్వాలి. ఒళ్లు మండింది. జవాబు అందిన ముప్పై రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చు, దానికి మన రాష్ట్రంలో ఫీజు లేదు. వేశాను. అక్కడా తేలకపోతే తొంభై రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు పోవచ్చు. జవాబివ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం ఆ కమిషన్‌కుంది. అప్పీలులో ఈ మాట రాయలేదు కానీ, మాటల్లో ఒకసారి అన్నాను. పని కదిలింది.

అప్పీలులోనే ‘నకళ్లు కుదరకపోతే ఫైలు చూడనివ్వండి’ అని ఒక ముక్క కలిపాను. ఇది చాలామందికి తెలియని హక్కు. ఆఫీసులో కూర్చుని ఫైలంతా తిరగేయొచ్చు. మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి పావుగంటకు అయిదు రూపాయలు. నకళ్లలో మనం అడిగిందే వస్తుంది. ఫైలులో మనం అడగాలని తోచనిది కూడా కనబడుతుంది. అటెండరు కుర్చీ వేస్తూ “ఏమక్కా, మళ్లా వచ్చినావే” అన్నాడు. ఫ్యాను కూడా నా వైపు తిప్పాడు.

ఎం బుక్‌లో దొంగతనం దొరుకుతుందని ఎదురుచూశాను, నిజం చెప్పాలిగా. దొరకలేదు. పొడవు సరిపోయింది, లోతూ సరిపోయింది. కానీ ఎస్టిమేట్‌లో మలుపు దగ్గర ఒక చిన్న కల్వర్టు ఉంది. ఎం బుక్‌లో దాని కొలత లేదు, బిల్లులో దాని డబ్బూ లేదు. అంటే దాన్ని కట్టనే లేదు. నీళ్లు ఆగేది సరిగ్గా అక్కడే. ‘కాంట్రాక్టరు తినేశాడు’ అని వీధంతా అనుకున్న మాట తప్పని తేలింది. ఎవరో ఆఫీసులో కూర్చుని ఆ పనిని వదిలేశారు.

చట్టానికి అయిదుకు అయిదు. ఆఫీసుకు మూడు: ఒకటి కౌంటర్‌కు, ఒకటి అటెండరుకు, ఒకటి ఎట్టకేలకు ఫైలు చూపించినందుకు. సోమవారం కలెక్టరేట్ అర్జీల్లో ఈ కాగితాలు జతచేసి ఇచ్చాను, రసీదు ఇచ్చారు, కల్వర్టు ఇంకా రాలేదు. ఈలోగా రెండో అర్జీ రాసిపెట్టాను. అందులో అడిగేది ఒకటే: ఆ కల్వర్టు పని వదిలేయమని సంతకం పెట్టిన నోట్ ఫైలు పేజీ, అంటే ఆఫీసువాళ్లు తమలో తాము అభిప్రాయాలు రాసుకునే కాగితం.