పికప్ ట్రక్కులో పడక: దుకాణం చేసింది, నాన్న చేసింది

జనవరి మొదటి వారంలో, రాత్రి పన్నెండున్నరకి, వెస్ట్ టెక్సాస్‌లో ఒక మోటెల్ కౌంటర్ దగ్గర నిలబడి 157 డాలర్ల 7 సెంట్లు కట్టాను. గది 139, మీద 13 శాతం పన్ను. బయట పార్కింగ్‌లో నా ట్రక్కు ఉంది. దాని వెనక 2,150 డాలర్లు పోసి చేయించుకున్న పడక ఉంది. ఆ పడక మీద పడుకోలేక, బిగ్ బెండ్ నేషనల్ పార్కు నుంచి చీకట్లో రెండు గంటలు నడుపుకుంటూ అక్కడికి వచ్చాం. గదిలో హీటర్ పనిచేయలేదు. దుప్పట్లు సిగరెట్ వాసన. డబ్బు వెనక్కి ఇవ్వమంటే "ఒకసారి తాళం తీసుకున్నాక ఇవ్వం" అన్నాడు కౌంటర్‌లో అతను. మా ఆవిడ జాకెట్ తీయకుండా తెల్లవార్లూ కుర్చీలోనే కూర్చుంది. పొద్దున "ఇంక నన్ను ఆ ట్రక్కులోకి పిలవకు" అని ఒక్క మాట అంది. డల్లాస్ వచ్చేదాకా ఇంకేమీ మాట్లాడలేదు.

ట్రక్కులో పడక చేయించుకోవాలనుకునే మన వాళ్లు చాలామంది కనిపిస్తున్నారు కాబట్టి ఎక్కడ మోసపోయానో, తర్వాత ఎలా బాగుపడిందో వివరంగా రాస్తున్నాను.

నాది ఫోర్డ్ ఎఫ్-150, ఆరున్నర అడుగుల బెడ్ (అంటే క్యాబిన్ వెనక సామాను వేసే తొట్టె). అసలు కొలత 78.9 అంగుళాలు. ఐదడుగుల పదంగుళాల మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. ఐదున్నర అడుగుల బెడ్ ఉన్నవాళ్లకి 67 అంగుళాలే దొరుకుతాయి, టెయిల్‌గేట్ (తొట్టె వెనక తలుపు) మూస్తే కాళ్లు ముడుచుకోవాల్సిందే. బెడ్ మీద ఫైబర్ గ్లాస్ టాపర్, అంటే కిటికీలున్న గట్టి కప్పు, అప్పటికే ఉంది. లోపల నేల నుంచి కప్పుకి నా టేపుతో కొలిస్తే 41 అంగుళాలు.

డల్లాస్ శివార్లలో ట్రక్కు సామాన్లు అమర్చే ఒక దుకాణం వాళ్లకి అక్టోబర్‌లో పని ఇచ్చాను. కింద రెండు పెద్ద సొరుగులు, పైన పడుకునే బల్ల, దాని మీద కార్పెట్. చూడ్డానికి హోటల్ గదిలా ఉంది. సొరుగుల్లో ఎంత సామాను పడుతుందో చూపించి మురిపించారు. పడుకునే మనిషికి ఎంత చోటు మిగులుతుందో వాళ్లు చెప్పలేదు, నాకు అడగాలని తోచలేదు. బల్ల ఎత్తు 17 అంగుళాలు, పరుపు 4. ఇక మిగిలింది 20 అంగుళాలు. పక్కకి తిరగాలంటే భుజం కప్పుకి తగులుతుంది. ప్యాంటు మార్చుకోవాలంటే బయటికి దిగాలి.

బిగ్ బెండ్‌లోని రియో గ్రాండే విలేజ్ క్యాంప్‌గ్రౌండ్‌లో మొదటి రాత్రే మిగతా లోపాలన్నీ బయటపడ్డాయి. మట్టిరోడ్డు దుమ్ము సొరుగుల పట్టాల్లోకి దూరి ఒక సొరుగు బిగుసుకుపోయింది. స్టవ్ అందులోనే ఉంది. మా ఆవిడకి సాయంత్రం టీ లేకుండా పోయింది, సగం కోపం అక్కడే మొదలైంది. చలికి కిటికీలు మూసుకుని పడుకున్నాం. ఇద్దరి ఊపిరీ కప్పుకి పట్టి పదింటికల్లా ముఖం మీద చుక్కలు పడటం మొదలైంది. లేచి పరుపు ఎత్తి చూస్తే కింద కార్పెట్ చేతికి తడి. గాలి ఆడే సందు ఒక్కటీ వదల్లేదు వాళ్లు.

తిరిగొచ్చాక ఫొటోలు పట్టుకెళ్లి అడిగితే "కొలతల కాగితం మీద మీరు సంతకం పెట్టారు కదా" అన్నారు. నిజమే, పెట్టాను. కానీ రోజూ ఇదే పని చేసేవాళ్లు ఎత్తు సంగతి ముందే చెప్పొద్దా? ఆ బాధ నాకు ఇంకా పోలేదు. సొరుగు పట్టాలు శుభ్రం చేయడానికి ఇంకో 85 డాలర్లు అడిగారు. ఇవ్వలేదు.

జనవరి నెలాఖరుకి అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చారు. నాన్న ఆర్టీసీలో బాడీ సెక్షన్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. వచ్చిన మూడో రోజు టెయిల్‌గేట్ దించి, టార్చి పట్టుకుని లోపలికి పాకారు. పదినిమిషాల తర్వాత బయటికొచ్చి "ఒరేయ్, బండికి బెజ్జాలు వేయించావా?" అన్నారు. నాకు తెలియదు. దుకాణం వాళ్లు బల్ల కదలకుండా బెడ్‌కి ఆరు చోట్ల చిల్లులు వేసి మామూలు ఉక్కు బోల్టులు బిగించారు. 2015 మోడల్ నుంచి ఈ ట్రక్కు బాడీ, బెడ్ అల్యూమినియం. అల్యూమినియానికి ఉక్కు నేరుగా ఆని, మధ్యలోకి తడి చేరితే అల్యూమినియం తినేస్తుంది. నాన్న వేలితో రుద్ది చూపించారు. ఒక బోల్టు చుట్టూ అప్పుడే తెల్లటి పొడి మొదలైంది. "బస్సులకి మేం మధ్యలో ఏదో ఒకటి వేయకుండా బిగించేవాళ్లం కాదు" అన్నారు. ఆ బోల్టులు చూశాక ఆయనకి పట్టుదల వచ్చేసింది. మధ్యాహ్నం నిద్ర కూడా మానేశారు.

పాతదంతా పీకేశాం. చిల్లులు శుభ్రం చేసి, సీలెంట్ పూసి, రబ్బరు బిరడాలు కొట్టాం. కార్పెట్ కింద చెక్క అనుకున్నది పేళ్లు అతికించి నొక్కిన చౌక రకం బోర్డు. తడికి అంచులు ఉబ్బిపోయాయి.

కొత్త బల్ల గీసేముందు నాన్న నన్ను గరాజ్ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోమన్నారు. నేల నుంచి నా నడినెత్తి దాకా టేపు పెట్టారు. 35 అంగుళాలు. "41లో నువ్వు కూర్చోగలవు. బల్ల మీద కూర్చోవాలనుకుంటేనే కుదరదు" అన్నారు. ఆయన ఉపాయమంతా ఈ మాటలోనే ఉంది. బల్లని అడ్డంగా మూడు ముక్కలు చేశారు. క్యాబిన్ వైపు 24 అంగుళాలవి రెండు, టెయిల్‌గేట్ వైపు 30 అంగుళాలది ఒకటి. చివరి ముక్క ఎత్తి ముందువాటి మీద పెట్టేస్తే వెనక గుంటలా చోటు ఏర్పడుతుంది. అందులో దిండు వేసుకుని నేల మీదే కూర్చోవచ్చు. తల తగలదు. అన్నం తినొచ్చు, బట్టలు మార్చుకోవచ్చు, వాన పడితే టెయిల్‌గేట్ మూసుకుని కబుర్లు చెప్పుకోవచ్చు. రాత్రి ముక్కని మళ్లీ దాని చోట పరిస్తే పూర్తి పడక.

బల్ల ఎత్తు 10½ అంగుళాలు పెట్టాం. చక్రాల దగ్గర బెడ్ లోపలికి ఉబ్బెత్తుగా వస్తుంది, దాన్నే వీల్ వెల్ అంటారు. రెండు వీల్ వెల్స్ మధ్య వెడల్పు 50.6 అంగుళాలే. బల్ల వాటి పైనుంచి పోయేలా ఉంటే 62 అంగుళాల వెడల్పు వస్తుంది, ఇద్దరు హాయిగా పడుకోవచ్చు. 3 అంగుళాల మడత పరుపు పోను తల మీద 27½ అంగుళాలు మిగిలాయి. పాత 20కి, ఈ 27½కి తేడా పడుకుని చూస్తేనే తెలుస్తుంది. ఎంత సామాను పట్టాలని అడిగేవాళ్లకి నా సలహా ఒకటే: ముందు మీ ఎత్తు కొలుచుకోండి, మిగిలిన చోటులోనే సామాను సర్దుకోండి.

సొరుగులకి పట్టాలే వద్దన్నారు నాన్న. 48 అంగుళాల పొడవు పెట్టెలు రెండు చేసి, అడుగున ప్లాస్టిక్ పట్టీలు కొట్టి, మామూలు కొవ్వొత్తి రుద్దారు. తాడు పిడి పట్టుకుని లాగితే వెనక గుంటలోకి జారి వస్తాయి. దుమ్ము పడితే గుడ్డతో తుడిస్తే చాలు. పైన చెక్క నిండా అంగుళం చిల్లులు, ఆరేసి అంగుళాలకి ఒకటి, పరుపు కింద గాలి ఆడటానికి. బెడ్‌కి ఒక్క కొత్త బెజ్జం వేయలేదు. నాలుగు మూలల్లో కంపెనీవాళ్లే ఇచ్చిన కొక్కేలకి టర్న్‌బకుల్స్‌తో (తిప్పితే బిగుసుకునే ఇనుప బిగింపులు) బిగించాం.

ఖర్చు: ముప్పావు అంగుళం ప్లైవుడ్ 3 షీట్లు 192 డాలర్లు, టూ-బై-ఫోర్ కర్రలు పది 42.50, స్టెయిన్‌లెస్ బోల్టులు, నైలాన్ వాషర్లు 38, ప్లాస్టిక్ పట్టీలు 26, వార్నిష్ 31, కార్పెట్ 45, టర్న్‌బకుల్స్ 28. ఇక్కడికి 402.50. పరుపు 119, కార్బన్ మోనాక్సైడ్ అలారం 27, చిన్న ఫ్యాను 22. మొత్తం 570.50 డాలర్లు, రెండు వారాంతాలు. అలారం మాత్రం ఎవరూ మానొద్దు. అలారం ఉంది కదా అని లోపల స్టవ్ గానీ గ్యాస్ హీటర్ గానీ వెలిగించొద్దు. మూసిన టాపర్‌లో అది ప్రాణాంతకం.

ఫిబ్రవరి చివర నాన్నా నేనూ మళ్లీ బిగ్ బెండ్ బయల్దేరాం. మా ఆవిడ రానంది, అమ్మ ఆవిడకి తోడు ఉంది. ఉదయం నాలుగింటికి బయల్దేరి 550 మైళ్లు నడిపి మూడింటికి చేరాం. దారి గురించి చెప్పుకోవడానికేం లేదు.

పార్కులోకి ప్రవేశం బండికి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. క్యాంప్ సైటు రాత్రికి 16. నాలుగు రాత్రులకి 64. పెట్రోలు రానుపోను, లోపల తిరుగుడు కలిపి 198. మొత్తం 292 డాలర్లు. రెండు రాత్రులు రియో గ్రాండే విలేజ్‌లో, రెండు కాటన్‌వుడ్‌లో ఉన్నాం. పెద్దవాళ్లతో వెళ్తే మొదటిదే మేలు, ఫ్లష్ టాయిలెట్లు ఉంటాయి, దగ్గర్లో కొట్టు, డబ్బు కట్టి స్నానం చేసే చోటు ఉన్నాయి. కాటన్‌వుడ్‌లో గుంట మరుగుదొడ్లే. కానీ జనరేటర్లు పూర్తిగా నిషేధం కాబట్టి రాత్రి ఏ చప్పుడూ ఉండదు. నా ఓటు కాటన్‌వుడ్‌కే. నాన్న ఓటు టాయిలెట్లు ఉన్నచోటికి. పైన చిసోస్ బేసిన్‌లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, తిండి అంతా ఇనుప పెట్టెల్లో పెట్టాలి. ఆవకాయ సీసాతో ఆ టెన్షన్ ఎందుకని అక్కడ ఉండలేదు. కట్టెల మంట పార్కులో ఎక్కడా వేయకూడదు, వంటకి గ్యాస్ స్టవ్ తీసుకెళ్లండి. నీళ్లు మనిషికి రోజుకి ఒక గ్యాలన్ లెక్కన తీసుకెళ్లాలి. ఆ బరువు క్యాబిన్ వైపు, కింద పెట్టండి. వెనక పెడితే సడన్ బ్రేక్ వేసినప్పుడు అంతా ముందుకి దూసుకొస్తుంది.

మొదటి రాత్రి తొమ్మిదింటికి చివరి బల్ల ముక్క తీసేసి, ఇద్దరం వెనక గుంటలో ఎదురెదురుగా కూర్చుని పులిహోర తిన్నాం. టెయిల్‌గేట్ దించి ఉంది. రాత్రి ఆకాశం బాగా చీకటిగా ఉండే చోట్లకి ఇచ్చే డార్క్ స్కై గుర్తింపు ఈ పార్కుకి 2012లోనే వచ్చింది. లైటు ఆపిన కాసేపటికి నాన్న తినడం ఆపి పడమటి వైపు చూపించారు. పిల్లలకోడి చుక్కలు. "చిన్నప్పుడు మేడ మీద మంచాలేసుకున్నప్పుడు చూశాను. ఇన్నేళ్లకి మళ్లీ" అన్నారు. చాలాసేపు ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ రాత్రి టాపర్ కిటికీలు రెండు వైపులా రెండేసి వేళ్ల సందు తెరిచి, ఫ్యాను పెట్టి పడుకున్నాం. పొద్దున లేవగానే ఆయన చేసిన మొదటి పని పరుపు ఎత్తి అరచేత్తో తడిమి చూడటం. పొడిగా ఉంది.

మర్నాడు రియో గ్రాండే ఒడ్డున వేడినీటి బుగ్గ. నీళ్లు 105 డిగ్రీల ఫారెన్‌హీట్. పెద్ద ఆర్‌వీలని (ఇల్లులాంటి బండ్లని) ఆ ఇరుకు రోడ్డులోకి రానివ్వరు, మన ట్రక్కు సాఫీగా వెళ్లింది. ఎదుటి ఒడ్డు మెక్సికో. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వి వేడినీళ్లు చూసిన సంగతి నాన్న పక్కనున్న ఒక అమెరికన్ ముసలాయనకి సగం ఇంగ్లీషులో, సగం చేతులతో చెప్పారు. ఆయన తర్వాత మా ట్రక్కు దగ్గరికొచ్చి సొరుగు లాగి చూసి, కొవ్వొత్తి అని తెలిసి, మళ్లీ లాగి చూశాడు. శాంటా ఎలీనా లోయ గురించి అందరూ రాస్తారు. 1,500 అడుగుల గోడలు, వెళ్లండి. దారి పక్కన బ్లూబానెట్ పూలు అప్పుడే మొదలయ్యాయి.

తల్లిదండ్రులని తీసుకెళ్లేవాళ్లకి ఒక మాట. తిరుగుదారిలో సరిహద్దు గస్తీవాళ్ల (బోర్డర్ పట్రోల్) చెక్‌పోస్టు ఉంటుంది. వాళ్ల పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు నమోదు) ప్రింటు దగ్గర పెట్టుకోండి. మమ్మల్ని మర్యాదగానే అడిగి రెండు నిమిషాల్లో పంపేశారు.

అమ్మానాన్న మార్చి చివర్లో వెళ్లిపోయారు. తర్వాతి శనివారం ఫ్రిజ్ మోసుకురావాల్సి వచ్చి బల్ల విప్పుతుంటే మా ఆవిడ సాయానికి వచ్చింది. ఏ ముక్క ఎక్కడిదో నాకు గుర్తులేదు. తను ఒక ముక్క తిప్పి పట్టుకుని ఆగిపోయింది. అడుగున పెన్సిల్‌తో నాన్న చేతిరాత: "ముందు." మిగతావీ తిప్పి చూశాం. "నడిమి", "ఇది చివర". ఫ్రిజ్ దింపేశాక ఆ రాతలు చూసుకుంటూ అన్నీ మళ్లీ బిగించాం. చివరి ముక్క మాత్రం తను పెట్టనివ్వలేదు. గుంటలోకి దిగి, బాసింపట్టు వేసుకుని కూర్చుని, చెయ్యి పైకెత్తి తలకి కప్పుకి మధ్య ఎంత ఉందో చూసుకుంది.