ఒక్క రోజులో చెన్నై మ్యూజియంలు: ఎగ్మూరులో అమరావతి

తిరుపతి నుండి ఉదయం రైలులో చెన్నై వెళ్లి రాత్రికి ఇల్లు చేరుకునేవారు సాధారణంగా ఆసుపత్రి పనులకో, పెళ్లి బట్టలకో వెళ్తుంటారు. మేము మ్యూజియంల కోసమే ఒక శనివారం కేటాయించుకున్నాము. ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియానికి, సెయింట్ జార్జి కోటలోని మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవు కనుక ప్రయాణం పెట్టుకునే ముందు ఆ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి.

సెంట్రల్‌లో మెట్రో ఎక్కితే తరువాతి స్టేషనే ఎగ్మూరు. అక్కడి నుండి పాంథియన్ రోడ్డులోని మ్యూజియానికి ఆటోలో కొద్ది నిమిషాల దారి. 1851లో ప్రారంభమై 1854లో ఈ ఆవరణకు మారిన ఈ మ్యూజియం ఒకే భవనంలో లేదు. శిల్పాలకు, కంచు విగ్రహాలకు, చిత్రాలకు వేర్వేరు భవనాలు ఉన్నాయి. అన్నీ చూసి తీరాలని పరుగులు పెడితే కాళ్లనొప్పులు తప్ప ఏమీ మిగలవు. తెలుగువారు ఇక్కడ మొదట అడుగుపెట్టవలసింది అమరావతి శిల్పాల గదిలోనే అని నా దృఢమైన అభిప్రాయం.

కృష్ణ ఒడ్డున అమరావతిలో ఉండిన మహాచైత్యం, అంటే పెద్ద బౌద్ధ స్తూపం, శిథిలాలను ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ 1797లో చూశాడు. అప్పటికే వాటిలోని రాళ్లు కొత్త కట్టడాలకు తరలిపోతున్నాయి. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన ఫలకాలలో చాలా భాగం 1859లో ఓడ ఎక్కి లండన్ చేరగా, ఇక్కడ మిగిలినవీ, తరువాతి తవ్వకాలలో దొరికి ఇక్కడికి వచ్చినవీ కలిసి ఈ గదిని నింపాయి. మన ఊరి రాళ్లను చూడడానికి పొరుగు రాష్ట్రానికి వెళ్లవలసి రావడం నన్ను బాధించిన మాట నిజమే. అయినా లేత ఆకుపచ్చ ఛాయ కలిగిన ఆ పలనాటి సున్నపురాయి ఎదుట నిలబడిన తరువాత ఆ బాధ కంటె ఆశ్చర్యమే పెద్దదైంది.

నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన ఘట్టాన్ని చెక్కిన గుండ్రని ఫలకం వద్ద మేము అరగంటకు పైగా ఉండిపోయాము. ఒకవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో మనుషులను తొక్కుతూ వస్తుంటే జనం చెల్లాచెదురై పరుగెత్తుతున్నారు, మేడల మీది స్త్రీలు కిందికి తొంగిచూస్తున్నారు. మరోవైపు ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లి ఉంది. ఐదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి "ఇక్కడ రెండు ఏనుగులున్నాయా నాన్నా?" అని అడిగింది. ఒకటే ఏనుగు, ముందు అలా, తరువాత ఇలా అని చెప్పగానే, ఆ పిల్ల తక్కిన ఫలకాలలో కూడా కథ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో తానే వెతకడం ప్రారంభించింది. తొలినాటి ఫలకాలలో బుద్ధుని రూపం ఉండదని, ఖాళీ సింహాసనం, పాదముద్రలు, ధర్మచక్రం ఆయన స్థానంలో ఉంటాయని ముందే తెలుసుకుని వెళ్లేవారికి ఈ గది మరింతగా అర్థమవుతుంది. సున్నపురాయి సున్నితమైనది కనుక పిల్లలు చేతులు ఆనించకుండా పెద్దలు చూసుకోవాలి.

కంచు విగ్రహాల విభాగానికి కనీసం గంట సమయం ఉంచుకోవాలి. తిరువెంకాడు అర్ధనారీశ్వరుడు, తిరువాలంగాడు నటరాజు అక్కడ ఉన్నారు. ఫ్రెంచి శిల్పి రోడాన్ ఆ నటరాజు ఛాయాచిత్రాలు చూసి 1913లో పరవశించి ఒక వ్యాసమే రాశాడు. అరక్కోణం దాటిన తరువాత ఉదయం మా రైలు తిరువాలంగాడు మీదుగానే వచ్చింది. ఆ ఊరి పేరు కిటికీలోంచి చదివి, మధ్యాహ్నం ఆ ఊరి దేవుని ఎదుట నిలబడడం నాకు ఎంతో సంతోషాన్ని ఇచ్చింది.

జంతుశాస్త్ర విభాగంలోని తిమింగలం అస్థిపంజరం పిల్లలకు నచ్చుతుంది. పెద్దలు త్వరగా చూసి బయటపడవచ్చు.

భోజనం తరువాత కోటకు వెళ్లాము. సచివాలయం కూడా ఆ ఆవరణలోనే ఉన్నందున గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవడం అవసరం. 1795 నాటి భవనంలో ఉన్న ఆ మ్యూజియంలో కంపెనీ కాలపు ఆయుధాలు, నాణేలు, పెద్ద తైలవర్ణ చిత్రాలు ఉన్నాయి. వాటన్నిటికంటె నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది 1947 ఆగస్టు 15న ఆ కోటపై ఎగిరిన త్రివర్ణ పతాకం. జాతీయ పతాకానికి తొలి రూపకల్పన చేసిన పింగళి వెంకయ్య గారి గురించి పాఠంలో చదివిన మా అమ్మాయికి ఆ గుడ్డ ఎంత పాతదో, ఎవరు ఎగరేశారో చెప్పేసరికి రైలు వేళ దగ్గరపడింది.

సాయంత్రపు రైలు అందుకోవలసినవారికి రెండు చోట్లకూ సమయం చాలదనిపిస్తే కోటను మరొక ప్రయాణానికి వదిలి, రోజంతా ఎగ్మూరులోనే గడపమని చెబుతాను.