నయీంనగర్ స్పోకెన్ ఇంగ్లిష్ క్లాస్: ‘ఫోర్స్’ అనే ఒక్క మాటకే రెండు రోజులు

హనుమకొండ నయీంనగర్‌లో మెయిన్ రోడ్డు మీంచి లోపలి గల్లీలోకి వెళ్తే, ఒక ఇంటి మేడమీద నడిచే చిన్న క్లాస్ ఇది. బయట బోర్డు కూడా లేదు. రెండు నెలలకు 3000 కట్టాను.

నేను చేరడానికి కారణం ఒక ఇంటర్వ్యూ. బీటెక్ ఎందుకు తీసుకున్నారని అడిగితే ‘మై ఫాదర్ ఫోర్స్‌డ్ మీ’ అన్నాను. నేను డిగ్రీలో చేరతానంటే మా బాపు పట్టుబట్టి, నచ్చజెప్పి ఇటు పంపాడని నా ఉద్దేశం. ఎదురుగా ఉన్నావిడ ‘అంటే మీకు ఇష్టం లేదా?’ అని ఒక్క ప్రశ్న వేసి, ఆ తర్వాత ఏమీ అడగలేదు. తప్పు ఎక్కడుందో అప్పుడు అర్థం కాలేదు.

మూడో వారంలో సార్ ఇదే మాట పట్టుకున్నారు. సంక్రాంతికి అమ్మమ్మ ‘ఇంకో రెండు సకినాలు తిను బిడ్డా’ అన్నా మనం ‘ఫోర్స్ చేసింది’ అంటాం, కానీ ఇంగ్లిష్‌లో ఆ మాట బరువు వేరు, ఇష్టం లేకున్నా తప్పించుకునే దారి లేకుండా చేయించడం అది అన్నారు. అమ్మమ్మ చేసింది ‘ఇన్సిస్ట్’, అంటే పట్టుబట్టడం. మా బాపు చేసింది ‘పర్స్వేడ్’, అంటే నచ్చజెప్పడం. నచ్చజెప్పిన మనిషిని బలవంతం చేసినోడిగా చెప్పి వచ్చానా అని ఆ రోజు నిజంగా బాధేసింది, ఇంటికెళ్లి బాపుకు కూడా చెప్పాను.

ఫోర్స్ చేసేది మనిషే కానక్కర్లేదట. వాన పడి మ్యాచ్ ఆపాల్సి వస్తే ‘రెయిన్ ఫోర్స్‌డ్ దెమ్ టు స్టాప్’. మనసులో లేని నవ్వు నవ్వితే ‘ఫోర్స్‌డ్ స్మైల్’. చట్టం అమల్లో ఉంటే ‘ఇన్ ఫోర్స్’.

నాకు అన్నిటికంటే నచ్చింది రెండో రోజు చెప్పిన ‘మేక్’ సంగతి. ‘టీచర్ మేడ్ మీ రైట్’ (టీచర్ నాతో రాయించాడు) అన్నప్పుడు మధ్యలో ‘టు’ రాదు, అదే తిప్పి చెప్తే ‘ఐ వాజ్ మేడ్ టు రైట్’ అని ‘టు’ వచ్చేస్తుంది. ఫోర్స్‌కు మాత్రం రెండు చోట్లా ఉండాల్సిందే. పైగా మన తెలుగులో రాయించాడు, కట్టించాం అని ఒక్క ‘ఇంచు’తో పని అయిపోతుంది, అందులో బలవంతం ఉందా లేదా అన్నది సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో ముందే తేల్చుకోవాలి. మేస్త్రీతో ఇల్లు కట్టించామని చెప్పడానికి ‘మేడ్’ వాడితే పాపం ఆయన మెడ మీద కూర్చుని కట్టించినట్టు ఉంటుంది, అక్కడ ‘హ్యాడ్’ వాడాలి. పదేళ్ల ఇంగ్లిష్ మీడియంలో ఇది నాకెవరూ చెప్పలేదు!

బలవంతం చేయడానికే వాడే ఇంకో మాట ‘కంపెల్’ గురించి కొంచెమే చెప్పారు. వదలకుండా చదివించే కథను ‘కంపెల్లింగ్’ అంటారన్నది మాత్రం గుర్తుండిపోయింది.

లోపాలు కూడా చెప్పాలి. మాట్లాడించే టైమ్ చాలా తక్కువ, బ్యాచ్‌లో ముప్పై మంది ఉంటే నా వంతు రోజుకు రెండు నిమిషాలు కూడా రాలేదు. సార్ నెమ్మదిగా వెళ్తారు, నెలలో గడగడా మాట్లాడాలనుకునే వాళ్లకు ఇది సరిపోదు. బండి పెట్టుకోవడానికి జాగా లేదు. నాలాగా తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు ఇరుక్కునే వాళ్లయితే వెళ్లండి, సాయంత్రం ఆరు గంటల బ్యాచ్‌లో జనం కాస్త తక్కువ.