అమ్మ చూసిన చుక్క నాది కాదు: మూడేళ్లుగా రాత్రిపూట యాప్ ఆటో ఎక్కుతూ

నెలకు రెండుసార్లు ఆఫీసు లెక్కల పని మీద సికింద్రాబాద్ పోయి వస్తాను. తిరిగొచ్చే రైలు కాజీపేటలో దింపేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. పగలైతే ఆడవాళ్లకు ఉచిత బస్సు మహాలక్ష్మి పథకం వచ్చిన దగ్గర్నుంచి నాకు బస్సే. ఆ టైంకి బస్సు ఉండదు కాబట్టి హనుమకొండ నయీంనగర్‌లో మా ఇంటి దాకా యాప్‌లో ఆటో బుక్ చేస్తాను. రేట్లు, కూపన్లు, ఏ యాప్‌లో ఆటో తొందరగా దొరుకుతుంది లాంటివి ఇక్కడ రాయను, అవి అందరికీ తెలిసినవే. నేను రాసేది ‘ట్రిప్ షేర్’ గురించి మాత్రమే. మనం ఎక్కిన బండి ఎటు పోతుందో ఇంట్లోవాళ్లు చూసుకునే ఆ లింకు.

మొదటి రెండేళ్లు దాని మీద నాకు ఎంత ప్రేమంటే, ఆఫీసులో కనపడ్డ ఆడపిల్లకల్లా అదెట్లా పంపాలో నేర్పించాను. కారణం మా అమ్మ. ఇంతకుముందు నేను ఇల్లు చేరేదాకా గేటు దగ్గరే నిలబడేది. లింకు వచ్చాక మంచం మీద కూర్చొని ఫోన్ చూస్తూ తనే కామెంటరీ చెప్పేది: “ఫాతిమానగర్ దాటినవ్... ఆర్‌ఈసీ కాడున్నవ్... గిప్పుడు అదాలత్.” ఆర్‌ఈసీ కాలేజీ ఎన్‌ఐటీ అయి ఇరవై ఏళ్లు దాటినా ఆమెకు ఆర్‌ఈసీనే. తెర మీద కదిలే ఆ చిన్న ఆటో బొమ్మకు ఆమె పెట్టిన పేరు ‘చుక్క’.

ఇక పోయిన వానాకాలం సంగతి. సన్నగా జల్లు పడుతోంది, ఫోన్‌లో ఛార్జింగ్ ఆరు శాతం. ఆటో బుక్ చేసి, లింకు అమ్మకు పంపి, స్టేషన్ షెడ్డు కింద నిలబడ్డాను. డ్రైవర్ ఫోన్ చేశాడు. “మేడం, లోపలికి రానిస్తలేరు, గేటు కాడ్నే ఉన్న. ఓటీపీ చెప్పుర్రి, స్టార్ట్ చేస్కొని వస్త. లేకుంటే క్యాన్సిల్ అయితది.” ఇట్లా అడిగేవాళ్లు కొత్త కాదు. అంతకుముందు నాలుగైదుసార్లు చెప్పాను, ఏమీ కాలేదు. ఈసారీ నాలుగంకెలు చెప్పేసి బ్యాగు భుజానికేసుకొని గేటు దగ్గరికి నడిచాను. ఆటో లేదు. రెండు నిమిషాలు చూసి ఫోన్ చేద్దామని తీస్తే తెర నల్లబడింది.

అటు ఇంట్లో అమ్మకు మాత్రం చుక్క చక్కగా కదులుతోంది. ఫాతిమానగర్, ఆర్‌ఈసీ, అదాలత్. అదాలత్ దగ్గర నేరుగా చౌరస్తా వైపు రావాల్సింది హంటర్ రోడ్డు వైపు తిరిగింది. నాకు ఫోన్ చేస్తే స్విచాఫ్. తమ్ముణ్ణి లేపింది. వాడు చెప్పుల్లేకుండా బండి తీశాడు. ఇంతలో తెర మీద ‘ట్రిప్ పూర్తయింది’ అని వచ్చింది. అమ్మ తర్వాత నాతో అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: “చేరినవని చెప్తున్నది బిడ్డా. ఏడికి చేరినవో చెప్తలేదు.”

నేనేమో కాజీపేటలోనే ఉన్నాను. స్టాండులో ఓ పెద్దాయనను బతిమాలి, యాప్ రేటు మీద ఎనభై రూపాయలు ఎక్కువిచ్చి ఇల్లు చేరేసరికి గేటు ముందు పక్కింటివాళ్లతో సహా ఏడుగురున్నారు. అమ్మ నన్ను చూసి ఏడ్వలేదు, తిట్టలేదు. నేను దిగిన ఆటో నంబరు చూసి, తన ఫోన్‌లో ఉన్న నంబరు చూసి, మళ్లీ ఆటోను చూసింది. అరగంటకు తమ్ముడు వచ్చాడు. హంటర్ రోడ్డులో ఆ ఆటోను పట్టుకున్నాడట. అందులోంచి ఎవరో మొగుడూ పెళ్లాలు బియ్యం మూటలు దింపుకుంటున్నారట. డ్రైవర్‌కు రోడ్డు మీద గిరాకీ దొరికింది, వాళ్లను ఎక్కించుకొని నా ఓటీపీతో నా ట్రిప్ నడిపించాడు. రెండు వైపులా డబ్బులు. నన్ను ఎత్తుకుపోదామని కాదు, నూటనలభై రూపాయల కక్కుర్తి. కానీ ఆ నలభై నిమిషాలు మా ఇంట్లో ఎట్లా గడిచాయో వాడికేం తెలుసు.

కంపెనీకి ఫిర్యాదు చేస్తే మూడు రోజులకు డబ్బులు తిరిగొచ్చాయి. దాంతోపాటు, ఓటీపీని బండి ఎక్కాకే చెప్పాలని మర్యాదగా ఓ ముక్క. ఒళ్లు మండింది గానీ తప్పు సగం నాదే.

అయితే నా కడుపుమంట డ్రైవర్ మీద కన్నా ఆ లింకు మీదే ఎక్కువ. రెండేళ్లు నేను దాన్ని తప్పుగా అర్థం చేసుకున్నాను. అందులో కనిపించేది నేను కాదు, డ్రైవర్ ఫోను. ఓటీపీ పడ్డాక నేను ఆ ఆటోలో ఉన్నానని యాప్ అనుకుంటుంది, నిజంగా ఉన్నానో లేదో ఆ లింకులో తెలియదు. డ్రైవర్ ట్రిప్ ముగిస్తే లింకూ ముగుస్తుంది, నేను రోడ్డు మధ్యలో దిగినా సరే. నేను నలుగురికి నేర్పినప్పుడు ఈ ముక్క చెప్పలేదు, నాకే తెలియదు కాబట్టి. ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను, కొంచెం సిగ్గుపడుతూనే.

ఇప్పుడు లింకుతో పాటు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ కూడా పంపుతాను. పదిహేను నిమిషాలు, గంట, ఎనిమిది గంటలు అని మూడు ఉంటాయి, నాకు గంట చాలు. అది నా ఫోన్‌ది. బ్యాగులో పవర్ బ్యాంకు లేకుండా రైలెక్కను, ఫోన్ చస్తే అదీ చస్తుంది కదా. మనం ఇల్లు చేరేదాకా ప్రయాణాన్ని కనిపెట్టుకుని ఉండేందుకు 2024 మార్చిలో మన పోలీసులు తెచ్చిన టీ-సేఫ్ కూడా ఉంది, 100కి చేసి 8 నొక్కాలి. రెండుసార్లు వాడాను. మధ్యలో పలకరించి కోడ్ అడిగితే ముందు చిరాకేసింది, తర్వాత ధైర్యంగానే అనిపించింది.

ఓటీపీ మాత్రం సీట్లో కూర్చొని, బ్యాగు పక్కన పెట్టుకున్నాకే. అంతకంటే ముందు నంబరు ప్లేటు. యాప్‌లో టీజీ 03 అని ఉండి ఎదురుగా పాత ఏపీ 36 ఆటో వస్తే, “మా అన్న బండి మేడం, నాది షెడ్డుల ఉంది” అంటారు. నిజమే కావచ్చు, నేను ఎక్కను. పేరు కూడా నేను చెప్పను, “ఎవరి పేరు మీద బుక్ అయింది?” అని వాళ్లనే అడుగుతాను. “క్యాన్సిల్ చేయండి మేడం, గదే పైసలకు దింపుత” అనేవాళ్లకూ దండమే. క్యాన్సిల్ చేస్తే నేను ఏ బండిలో ఉన్నానో ఎక్కడా రాసి ఉండదు. ఇంత మాట్లాడుతున్నా గానీ, నాన్నను ఎంజీఎం ఆసుపత్రిలో చేర్పించిన రాత్రి నంబరు కలవని ఆటోనే ఎక్కాను. ఆ రాత్రి నంబరు చూసే తీరిక ఎవరికుంది?

యాప్ తీసేశానా అంటే లేదు. ఆ రాత్రి ఆటో ఎక్కడుందో తమ్ముడు పట్టుకోగలిగింది ఆ లింకు వల్లే మరి. పైగా నాకు ఇంట్లో మేలుకుని ఉండే అమ్మ ఉంది, బండి తీసే తమ్ముడున్నాడు. హాస్టల్లో ఒక్కతే ఉండే అమ్మాయి లింకు ఎవరికి పంపాలి, పంపినా వాళ్లు ఏ ఊళ్లో ఉంటారు, అది నేను చెప్పలేను. యాప్‌లో ఆపదకని ఉండే ఎస్ఓఎస్ బటన్ నేనెప్పుడూ నొక్కలేదు, అందుకే దానికి మార్కులు వేయను.

మొన్న శనివారం ఎన్‌ఐటీ దాటుతుండగా అమ్మ ఫోన్ చేసింది. “నీ చుక్కా, ఆటో చుక్కా ఒక్కతాన్నే ఉన్నయ్. నీళ్లు పొయ్యి మీద పెడుతున్న, జల్ది రా.”