షినానో చేరలేని దారి: కురే మేలా, యొకోసుకా మేలా?

1944 నవంబరు 28న షినానో అనే జపాన్ విమానవాహక నౌక యొకోసుకా రేవు నుంచి కురేకు బయలుదేరింది. మిగిలిన పనులను వైమానిక దాడుల బెడద తక్కువగా ఉన్న కురేలో పూర్తి చేయాలన్నది నౌకాదళం ఆలోచన. మరునాడు మధ్యాహ్నం కాకముందే అది సముద్రం అడుగున ఉంది. అమెరికా జలాంతర్గామి ఆర్చర్‌ఫిష్ వదిలిన టార్పెడోల్లో నాలుగు దానికి తగిలాయి.

ఆ రెండు ఊళ్ల మధ్య ఇప్పుడు రైళ్లు మారుతూ వెళ్తే ఐదారు గంటలు. వారం పది రోజుల కోసం జపాన్ వెళ్లేవారికి రెండూ చూసే తీరిక చిక్కదు. ఒక్కటే చూడాలంటే ఏది? నా ఓటు కురేకే. అయితే యొకోసుకాను తీసిపారేయలేం. అసలు కథ మొదలైంది అక్కడే.

టోక్యో అఖాతం ముఖద్వారంలో ఉన్న యొకోసుకాలో 1865లో షోగునేట్ (అప్పటి సైనిక పాలకుల ప్రభుత్వం) అధికారి ఒగురి తదామసా చొరవతో ఇనుప కర్మాగారం పనులు మొదలయ్యాయి. నడిపించింది లెయోన్స్ వెర్నీ అనే ఫ్రెంచి ఇంజనీరు. మూడేళ్లకే షోగునేట్ కూలిపోయింది, కొత్త ప్రభుత్వం ఒగురి తల తీయించింది, కర్మాగారాన్ని మాత్రం భద్రంగా ఉంచుకుంది. 1871లో పూర్తయిన మొదటి డ్రైడాక్ (నీళ్లు తోడేసి ఓడలను బాగుచేసే గుంత) నేటికీ పనిచేస్తోంది. చిక్కేమిటంటే అది అమెరికా నౌకాస్థావరం లోపల ఉంది. మామూలు రోజుల్లో మనం చూడగలిగేది రైల్వేస్టేషను పక్కనున్న వెర్నీ పార్కు నుంచి కనిపించినంత మేరకే. అక్కడి స్మారక భవనంలో నెదర్లాండ్స్ నుంచి తెప్పించిన రెండు ఆవిరి సుత్తులు ఉన్నాయి. పెద్దది 3 టన్నులది, వందేళ్లకు పైగా ఇనుమును సాగగొట్టింది. గులాబీలు ఫోటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ, సుత్తుల గదిలోకి తొంగిచూసేవాళ్లు తక్కువ.

అందరూ వెళ్లేది మికాసా దగ్గరికి. 1905లో సుషిమా యుద్ధంలో రష్యా నౌకాదళాన్ని చిత్తు చేసినప్పుడు అడ్మిరల్ టోగో నిలబడిన ఓడ ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయాక దీని ఫిరంగులూ మాస్తులూ ఊడబెరికారు. డెక్కు మీద కొన్నాళ్లు డాన్సు హాలూ అక్వేరియమూ నడిచాయి. 1961లో మళ్లీ పాత రూపం వచ్చింది. ఆ పనికి సాయపడిన వారిలో జపాన్‌ను ఓడించిన అమెరికా అడ్మిరల్ నిమిట్జ్ ఒకరు. ఒక మెలిక ఉంది: మికాసాను కట్టింది జపాన్‌లో కాదు, ఇంగ్లండులోని బారోలో. అంటే యొకోసుకా గర్వంగా చూపించే ఓడ కొనుక్కున్న ఓడ.

విశాఖ, కాకినాడ వాళ్లకు యొకోసుకాతో ఇంకో పాత లెక్క ఉంది. 1942 ఏప్రిల్ 6న ఆ రెండు రేవుల మీద బాంబులు వేసిన విమానాలు ర్యూజో అనే వాహక నౌక నుంచి వచ్చాయి. ఆ నౌకకు తుది పనులు పూర్తిచేసి నౌకాదళానికి అప్పగించింది యొకోసుకా నౌకాశాలే.

యొకోసుకాలో 45 నిమిషాల రేవు విహారం బాగుంటుంది. అమెరికా ఏడో నౌకాదళం ఓడలూ జపాన్ ఓడలూ ఎదురెదురుగా కనిపిస్తాయి, అదృష్టం బాగుంటే విమానవాహక నౌక కూడా. కానీ అన్నీ నీటి మీది నుంచి, కంచె అవతలి నుంచి చూడాల్సిందే.

కురేలో ఆ దూరం ఉండదు. హిరోషిమాకు ఆగ్నేయంగా కొండలకూ కడలికీ మధ్య ఇరుక్కున్న ఊరు ఇది. 1889లో నౌకాదళ కేంద్రమైంది, 1903లో ఇక్కడి కర్మాగారాలన్నీ కలిసి ఒకే నౌకాయుధాగారమయ్యాయి. 1937లో యమాటో అనే యుద్ధనౌకకు పునాది పడింది. పొడవు 263 మీటర్లు, గొట్టం వ్యాసం 46 సెంటీమీటర్లున్న ఫిరంగులు తొమ్మిది. దాని తరగతిని మించిన పెద్ద యుద్ధనౌకను ఎవరూ కట్టలేదు. దాన్ని దాచడానికి డాక్ మీద పైకప్పు వేశారు, రైల్లో సముద్రం వైపు కిటికీ తెరలు దించమన్నారు. 1945 ఏప్రిల్ 7న 3,000 మందికి పైగా నావికులతో అది మునిగిపోయింది. ఆ డాక్ ఇప్పుడు పూడిపోయింది, పైకప్పు మాత్రం నిలిచి ఉంది. కొండ మీది నుంచి చూస్తే దాని చుట్టూ నేటి నౌకాశాల క్రేన్లు కదులుతూ కనిపిస్తాయి. నాకు కురే నచ్చడానికి మొదటి కారణం ఈ ఒక్క దృశ్యం.

యమాటో మ్యూజియంలో పదో వంతు నమూనా ఉంది, 26.3 మీటర్లు. పక్కనే కైటెన్ అనే మానవ టార్పెడో కూడా పెట్టారు. లోపల మనిషి కూర్చుని నడిపి, దాంతోపాటు పేలిపోవడానికి చేసిన ఆయుధం అది. నమూనా ముందు కేరింతలు కొట్టిన పిల్లలు కూడా దీని దగ్గర నిశ్శబ్దమైపోతారు. మ్యూజియాన్ని మరమ్మతుల కోసం 2025 ఫిబ్రవరి నుంచి ఏడాదికి పైగా మూసి ఉంచే పని పెట్టుకున్నారు కనుక, బయలుదేరే ముందు తెరిచి ఉందో లేదో చూసుకోండి.

ఎదురుగా రోడ్డు పక్కనే ఒక నిజమైన జలాంతర్గామి, అకిషియో, గాల్లో నిలబడి ఉంటుంది. ప్రవేశం ఉచితం. ఆర్కే బీచ్‌లో కురుసురా ఎక్కినవారికి పోలిక తప్పదు. కురుసురా 91 మీటర్లు, సోవియట్ తయారీ, మొదటి నుంచి చివరి దాకా నడిచి చూడవచ్చు. 76 మీటర్ల అకిషియోలో అనుమతించేది కొంత భాగమే. ఈ ఒక్క విషయంలో మన విశాఖే మేలు. అయితే కురేలో కాస్త దూరం వెళ్లి అల్లే కరాసుకోజిమా పార్కులో నిలబడితే, సేవలో ఉన్న జలాంతర్గాములు కూతవేటు దూరంలో కట్టేసి కనిపిస్తాయి. ఆ సౌకర్యం విశాఖలో లేదు.

యుద్ధం తర్వాతి కథలోనూ కురేదే పైచేయి. 1951లో డేనియల్ లుడ్విగ్ అనే అమెరికా వ్యాపారి కంపెనీ ఆ పాత నౌకాశాలను అద్దెకు తీసుకుంది. ఓడను ముక్కలు ముక్కలుగా తయారుచేసి, పైపులు కూడా ముందే బిగించి, చివర్లో అతికించే పద్ధతి ఇక్కడ రాటుదేలింది. 1959లో లక్ష టన్నుల సరుకు దాటిన తొలి ట్యాంకరు యూనివర్స్ అపోలో ఇక్కడే తయారైంది. దెబ్బలూ తిన్నది. ఆయుధాగారం స్థలంలో వెలసిన ఉక్కు కర్మాగారం 2023లో పూర్తిగా మూతబడింది. యుద్ధకాలంలో 4 లక్షలున్న జనాభా ఇప్పుడు దాదాపు సగం. ఊరి వీధుల్లో ఆ ఖాళీ తెలుస్తుంది.

తిండి సంగతి. రెండు ఊళ్లూ నౌకాదళపు కూర మాదే అంటాయి. ఇంగ్లండు మీదుగా జపాన్ చేరిన మన కూర అది, చిక్కగా, కొంచెం తియ్యగా ఉంటుంది. కురేలో ఒక్కో హోటలు ఒక్కో నౌక వంటకాన్ని వండుతుంది, అది నాకు సరదాగా అనిపించింది. శాకాహారులు రెండు చోట్లా జాగ్రత్త పడాలి: మాంసం ముక్కలు లేకపోయినా కూరను చిక్కబరిచే ముద్దలో జంతువుల కొవ్వు ఉండవచ్చు.

టోక్యో దాటే వీలు లేనివారు, చిన్న పిల్లలతో వెళ్లేవారు యొకోసుకాకే వెళ్లండి. టోక్యోలోని షినాగావా స్టేషను నుంచి గంట లోపే చేరతారు, పది నిమిషాల పడవతో సారుషిమా దీవి కూడా తిరిగిరావచ్చు. ససెబో, మైజురు కూడా నౌకాదళ ఊళ్లే, కానీ ఒకే రోజు ఉన్నవారికి దూరం.

హిరోషిమా ఎలాగూ వెళ్తున్నవారు మాత్రం మరో ఆలోచన పెట్టుకోవద్దు. అణుబాంబు స్మారకాన్ని చూసి, అదే యుద్ధానికి ఓడలు కట్టిన ఊరిని ముప్పావు గంట దూరంలో వదిలేసి రావడం సగం కథ విని లేచిరావడమే. కురే వెళ్లే రైల్లో కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. ఒకప్పుడు తెరలు దించమన్నది అటువైపే.